కొత్త ఆర్గాన్ సిలిండర్లు పెట్టిన దగ్గర్నుంచి ఎస్‌ఎస్ (స్టెయిన్‌లెస్ స్టీల్) అతుకు నల్లగా వస్తోంది

రాయగడ_ఫ్యాబ్రికేషన్
రాయగడలో చిన్న షాపు నాది. ఎస్‌ఎస్ రెయిలింగులు, హోటల్ కౌంటర్లు, ట్యాంకులు చేస్తాం. పదకొండేళ్లుగా ఇదే పని. వెల్డింగ్ చేసేటప్పుడు కరిగిన లోహానికి గాలి తగలకుండా ఆర్గాన్ గ్యాస్ వదులుతాం. పోయిన వారం రెండు ఆర్గాన్ సిలిండర్లు దిగాయి. ఆ రోజు నుంచి వెండిలా మెరవాల్సిన అతుకు బూడిద పూసినట్టు నల్లగా వస్తోంది. పైన సూదితో గుచ్చినట్టు బొక్కలు. ఆర్క్ (కరెంటు మంట) పుట్టించే టంగ్‌స్టన్ రాడ్ కొస నల్లబడి పొట్టు రాలుతోంది. ఒక డెయిరీకి 304 గ్రేడులో 500 లీటర్ల పాల ట్యాంకు చేస్తున్నాను. నాలుగు అతుకులు గ్రైండ్ చేసి మళ్లీ వేశాను, మళ్లీ అంతే. డీలర్ని అడిగితే "గ్యాస్ బాగానే ఉంది, లోపం నీ చేతిలో ఉంది" అన్నాడు. ఆ మాటకి రాత్రి నిద్ర పట్టలేదు. మెషీన్ మారలేదు, మనిషి మారలేదు, మారింది సిలిండర్లే. రెండిటితోనూ అదే గోల. గ్యాస్ కల్తీ అని ఎలా రుజువు చేయాలి?

గుణుపురం_గ్రిల్స్
కల్తీయే అన్నా, సందేహం లేదు. దసరా ముందు నాకూ ఇలాగే అయింది. వాపసు పంపెయ్.

సునాబెడ_రిటైర్డ్
అంత తొందరగా తేల్చకండి. ముప్పై ఏళ్లు వెల్డింగ్ షాపులో పని చేశాను. గ్యాస్ బాగోలేదని నా దగ్గరికి వచ్చిన ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం చివరికి హోస్ (గ్యాస్ గొట్టం) దగ్గరో టార్చ్ (చేత్తో పట్టుకునే వెల్డింగ్ పిడి) దగ్గరో తేలాయి. ముందు ఇవి చెప్పండి. ఫ్లో (నిమిషానికి పోయే గ్యాస్) ఎంత పెట్టారు? టార్చ్ కొసన ఉండే కప్పు ఎన్నో నంబరు? హోస్ ఏ రకం, ఎన్నాళ్లది? దగ్గర్లో ఫ్యాను తిరుగుతోందా? సిలిండర్ భుజం మీద ఏం రాసి ఉంది?

రాయగడ_ఫ్యాబ్రికేషన్
మామూలుగా 10 లీటర్లు పెడతాం సార్. నల్లగా వస్తోందని, గ్యాస్ చాలడం లేదేమోనని 22కి పెంచాను. కప్పు 6 నంబరు. హోస్ నల్ల రబ్బరుది, మెషీన్‌తో పాటు వచ్చింది, ఆరేళ్లయింది. ఫ్యాను ఆపేసే చేస్తున్నాం. సిలిండర్లు రెండూ నీలం రంగే. ముద్రలు పెయింటు కింద మునిగిపోయాయి, రేపు గీకి చూస్తాను.

సునాబెడ_రిటైర్డ్
22 దగ్గరే ఒక తప్పు దొరికింది. 6 నంబరు కప్పు అంటే మూతి తొమ్మిదిన్నర మిల్లీమీటర్లు. అంత సన్నని మూతిలోంచి నిమిషానికి 22 లీటర్లు తోస్తే గ్యాస్ నెమ్మదిగా దిగదు, సుడి తిరుగుతుంది. ఆ సుడి చుట్టుపక్కల గాలిని లోపలికి లాక్కొస్తుంది. కుళాయి కొంచెం తిప్పితే నీళ్లు గాజు కడ్డీలా దిగుతాయి, పూర్తిగా తిప్పితే నురగతో చిమ్ముతాయి చూడండి, అదే ఇది. అతుకు నల్లబడిందని గ్యాస్ పెంచితే ఇంకా నల్లబడుతుంది. మీ కప్పుకి 8 నుంచి 10 చాలు.

కోరాపుట్_గ్యాస్_షాపు
నేను సిలిండర్లు అమ్మేవాడిని, ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను. మా మీద వచ్చే కల్తీ మాటలకి మనసు కష్టంగా ఉంటుంది. ఆర్గాన్‌లో ఏం కలుపుతాం? ప్లాంటు నుంచి ట్యాంకర్లో ద్రవంగా వస్తుంది, ఫిల్లింగ్ స్టేషన్లో ఆవిరి చేసి సిలిండర్లోకి ఎక్కిస్తారు. వెల్డింగ్ గ్రేడ్ అంటే 99.99 శాతానికి తగ్గదు. గుణుపురం తమ్ముడూ, దసరా ముందు నీకు అయింది గ్యాస్ వల్లేనని ఎలా తెలిసింది?

గుణుపురం_గ్రిల్స్
సిలిండర్ మార్చాక బాగుపడింది కదా సార్.

కోరాపుట్_గ్యాస్_షాపు
మార్చేటప్పుడు రెగ్యులేటర్ విప్పి మళ్లీ బిగించావు కదా? లీకు అక్కడుంటే బిగించగానే పోయి ఉంటుంది. గ్యాస్ మారింది, బిగింపూ మారింది. దేనివల్ల బాగుపడిందో ఎలా చెప్తాం?

గుణుపురం_గ్రిల్స్
అది నిజమే. ఒక అనుమానం. హోస్‌లో గ్యాస్ ప్రెషర్‌తో ఉంటుంది కదా. బొక్క ఉంటే గ్యాస్ బయటికి పోవాలి గానీ, బయటి గాలి లోపలికి ఎలా వస్తుంది? ఎన్నాళ్ల నుంచో అడగాలనుకుంటున్నాను.

సునాబెడ_రిటైర్డ్
చాలామంది అడగాల్సిన ప్రశ్న. రెండు దారుల్లో వస్తుంది. రెగ్యులేటర్ దాటాక లోపలి ప్రెషర్ చాలా తక్కువ. టార్చ్ తలలో సన్నని దారుల్లోంచి గ్యాస్ వేగంగా పోయేటప్పుడు అక్కడ పీడనం పడిపోయి, పగిలిన ఓ-రింగ్ (గ్యాస్ కారకుండా ఆపే రబ్బరు రింగు) పక్క నుంచి గాలిని పీలుస్తుంది. స్టవ్ బర్నర్ కింద రంధ్రంలోంచి గాలి లోపలికి పోయే పద్ధతి ఇదే. రెండోది, ఆక్సిజన్ బయట 21 శాతం, హోస్ లోపల సున్నా. ఎక్కువున్న చోటు నుంచి లేని చోటుకి అది పాకుతూనే ఉంటుంది, లోపల ఆర్గాన్ ప్రెషర్ ఎంతున్నా దానికి పట్టదు. తేమ కూడా అంతే. పాత రబ్బరు హోస్ వానాకాలంలో తేమ పీల్చుకుని ఉదయం మొదటి పది నిమిషాలు అతుకు పాడుచేస్తుంది. మన కోరాపుట్, రాయగడ వైపు వానలు ఎలా ఉంటాయో చెప్పక్కర్లేదు.

గుణుపురం_గ్రిల్స్
ఉదయం మొదటి జాబ్ చెడిపోయేది ఇందుకా! హెల్పర్‌ని తిడుతున్నాను ఇన్నాళ్లూ.

సునాబెడ_రిటైర్డ్
రాయగడ బాబూ, గ్యాస్‌దా కాదా తేల్చే పరీక్ష ఇది. ఎస్‌ఎస్ ముక్క ఒకటి బాగా తుడవండి. ఫిల్లర్ రాడ్ (అతుకులో కరిగించి కలిపే తీగ) వద్దు. ఆర్క్ కొట్టి ఒకే చోట ఐదారు సెకన్లు నిలబెట్టండి, బఠాణీ గింజంత చుక్క కరుగుతుంది. ఆర్క్ ఆపేసి టార్చ్ కదపకుండా, ఆపాక కూడా కాసేపు వచ్చే గ్యాస్ కింద చుక్క చల్లారేదాకా ఉంచండి. చుక్క అద్దంలా ఉండాలి, లేదా లేత గడ్డి రంగు. మసకగా, నల్ల మచ్చలతో ఉంటే గాలి కలుస్తోంది. రెండు సిలిండర్లతో విడివిడిగా చేయండి. అంతకు ముందే ఓ-రింగ్ మార్చి, కొత్త పాలీయురేథేన్ హోస్ వేసి, ఫ్లో 9కి తగ్గించండి. అప్పుడు మిగిలేది సిలిండరే.

బరంపురం_రమ
నేను వెల్డింగ్ మనిషిని కాను, ఆసుపత్రిలో ఎండోస్కోపీ గదిలో టెక్నీషియన్‌ని. మా గదిలోనూ ఆర్గాన్ చిన్న సిలిండర్ ఉంటుంది, అందుకే చదువుతున్నాను. పేగులో నెత్తురు కారే చోట సన్నని గొట్టంలోంచి ఆర్గాన్ వదిలి కరెంటు ఇస్తారు. గ్యాస్ ప్లాస్మాగా మారి, గొట్టం కణజాలాన్ని తాకకుండానే పైపొర మాడి నెత్తురు ఆగుతుంది. మీ టార్చ్‌కి అది చిన్న చెల్లెలు అనుకోండి. అదే పనిలో గాలి వాడకుండా ఆర్గానే ఎందుకు వాడతారో ఎవరైనా చెప్తారా?

సునాబెడ_రిటైర్డ్
ఆర్క్ సులువుగా అంటుకుంటుందమ్మా. హీలియమూ దేనితోనూ కలవని గ్యాసే, కానీ దాని పరమాణువులోంచి ఎలక్ట్రాన్ ఊడదీయాలంటే 24.6 ఎలక్ట్రాన్ వోల్టులు కావాలి, ఆర్గాన్‌కి 15.8 చాలు. ఊడాక కూడా దేనితోనూ కలవదు, కాబట్టి మంట పుట్టదు. గాలిలో అయితే ఆక్సిజన్ ఉంటుంది.

పర్లా_మాస్టారు
దేనితోనూ కలవదు అన్నారు కాబట్టి నేనూ ఒక మాట. పర్లాకిమిడిలో కెమిస్ట్రీ చెప్తుంటాను. గిడుగు వారు తిరిగిన ఊరు కాబట్టి వాడుక మాటల్లోనే చెప్తాను.

దీన్ని పట్టుకున్న తీరు నాకు ఎన్నిసార్లు చెప్పినా తనివి తీరదు. లార్డ్ రేలీ నైట్రోజన్ బరువు తూస్తున్నాడు. గాలిలోంచి ఆక్సిజన్ తీసేయగా మిగిలిన నైట్రోజన్ లీటరు 1.2572 గ్రాములు తూగింది. రసాయనాల నుంచి తయారుచేసిన నైట్రోజన్ 1.2505. తేడా అర శాతం. ఇంకొకరైతే తక్కెడ తప్పు అని వదిలేసేవారు. ఆయన వదల్లేదు. విలియం రామ్సే తోడయ్యాడు. వేడి మెగ్నీషియం మీద నైట్రోజన్ని మళ్లీ మళ్లీ పోనిస్తే అది నైట్రోజన్ని తినేసింది, చివరికి ఏ రసాయనానికీ లొంగని కొంచెం గ్యాస్ మిగిలింది. 1894లో ప్రకటించారు. బద్ధకమైనది అనే అర్థంలో గ్రీకు మాట తీసుకుని ఆర్గాన్ అని పేరు పెట్టారు. 1904లో రేలీకి ఫిజిక్స్ నోబెల్, రామ్సేకి కెమిస్ట్రీ నోబెల్.

అసలు ముచ్చట ఏమిటంటే, వందేళ్ల ముందే 1785లో కావెండిష్ గాలి మీద స్పార్కులు కొట్టి కొట్టి చివర ఒక బుడగ మిగిలిందని రాసుకున్నాడు, మొత్తంలో 120వ వంతుకి మించదని. అదే ఆర్గాన్. చేతిలో పడింది, పేరు మాత్రం తెలియలేదు.

జయపురం_బావ
మాస్టారూ, బద్ధకం అని పేరు పెట్టిన గ్యాస్‌తో పగలూ రాత్రీ పని చేయించుకుంటున్నాం.

పర్లా_మాస్టారు
నిజమే బావగారూ. ఇంకో సంగతి. రాయగడ ఆయన సిలిండర్లో ఉన్న ఆర్గాన్ దాదాపు అంతా, 99.6 శాతం, ఒకప్పుడు రాళ్లలో ఉన్న పొటాషియం. పొటాషియం-40 అనే రకం 125 కోట్ల ఏళ్లలో సగానికి తరిగిపోతుంది, అందులో కొంత భాగం ఆర్గాన్-40 అవుతుంది. భూమి పుట్టిన నాటి నుంచి రాళ్లలోంచి ఇలా ఊరుతూ గాలిలో 0.93 శాతం అయింది. చంద్రుడి మీదా ఇదే జరుగుతోంది. మన చంద్రయాన్-2లోని చేస్-2 పరికరం చంద్రుడి పలుచని వాతావరణంలో ఆర్గాన్-40 ఎక్కడెక్కడ ఉందో కొలిచింది, ఇస్రో 2022లో చెప్పింది.

రాయగడ_ఫ్యాబ్రికేషన్
మాస్టారూ, చాలా బాగా చెప్పారు. 0.93 శాతం అంటే వంద లీటర్ల గాలిలో లీటరు కూడా లేదు. అందుకేనా ఇంత ధర? ఆక్సిజన్‌తో పోలిస్తే గుండె ఆగుతుంది.

కోరాపుట్_గ్యాస్_షాపు
అవును. ఒక పెద్ద సిలిండర్ అంటే 7 క్యూబిక్ మీటర్లు, చదరపు సెంటీమీటరుకి 150 కేజీల ప్రెషర్. అంత ఆర్గాన్ రావాలంటే చుక్క పోకుండా తీసినా 750 క్యూబిక్ మీటర్ల గాలి కావాలి. పది అడుగుల పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న గదులు దాదాపు 27 ఖాళీ చేయాలి. అది కూడా ఊరికే రాదు. గాలిని ద్రవంగా మార్చి మరిగించాలి. నైట్రోజన్ మైనస్ 196 దగ్గర మరుగుతుంది, ఆర్గాన్ మైనస్ 186, ఆక్సిజన్ మైనస్ 183. ఆక్సిజన్‌కీ ఆర్గాన్‌కీ మధ్య మూడే డిగ్రీలు. ఆ రెండిటినీ విడదీయడానికి ఎంతో ఎత్తు కాలమ్ కావాలి. అందుకే ఆక్సిజన్ బాగా వాడే స్టీల్ ప్లాంట్ల దగ్గరే ఆర్గాన్ ఎక్కువగా తీస్తారు.

అందుకే 22 ఫ్లో అంటే బాధేసింది. 7,000 లీటర్లని 9తో భాగించండి, దాదాపు 13 గంటలు ఆర్క్ నడుస్తుంది. 22తో అయితే 5 గంటలు చిల్లర. డబ్బులు గాలిలో కలిసిపోతున్నాయి.

జయపురం_బావ
మరి నైట్రోజన్ వాడితే? చవక కదా. అదీ మండదు.

సునాబెడ_రిటైర్డ్
టార్చ్‌లో వద్దు. ఆర్క్ వేడికి నైట్రోజన్ విడిపోయి కరిగిన లోహంలో దూరుతుంది, చల్లారేటప్పుడు బుడగలుగా వస్తుంది. టంగ్‌స్టన్ కొస కూడా తొందరగా తరుగుతుంది. 304 లాంటి గ్రేడులో పైపు లోపలి వైపు, అంటే వెనక కవచంగా, నైట్రోజన్ వాడేవాళ్లు ఉన్నారు, అది పనిచేస్తుంది. టైటానియంకి అదీ పనికిరాదు. టైటానియం అతుకుకి టార్చ్ వెనక ఇంకో గ్యాస్ తొడుగు తోకలా లాగాలి, 400 డిగ్రీల కిందికి దిగేదాకా ఆర్గాన్ కింద ఉంచాలి. ఒక్క నీలి మచ్చ కనిపించినా ఆ జాబ్ తీసి పక్కన పెట్టేవాళ్లం.

జయపురం_బావ
మా షెడ్డులో ఎంఎస్ (మామూలు ఉక్కు) గేట్లకి కార్బన్ డయాక్సైడ్‌తో మిగ్, అంటే తీగే కరుగుతూ అతుకు పడే వెల్డింగ్, వాడతాం. ఎస్‌ఎస్‌కి మాత్రం అందరూ ఆర్గాన్ వెల్డింగ్ అనే అంటారు, బోర్డు మీద కూడా అదే రాయించాను. దాని అసలు పేరు టిగ్ అంటే ఎవరికీ తెలియదు.

తెరుబలి_ఫర్నేస్
రాయగడ దగ్గర తెరుబలిలో ఫెర్రోక్రోమ్ (ఇనుము, క్రోమియం కలిసిన లోహం) పనిలో ఉన్నాను. అందరూ వెల్డింగ్ దగ్గరే ఆగారు. ఆ ఎస్‌ఎస్ షీటు పుట్టడానికే ఆర్గాన్ కావాలి. కరిగిన ఉక్కులో కార్బన్ తీయాలంటే ఆక్సిజన్ ఊదాలి. ఒట్టి ఆక్సిజన్ ఊదితే కార్బన్‌తో పాటు క్రోమియం కూడా కాలిపోయి పైన తేలే మడ్డిలోకి (స్లాగ్) పోతుంది. ఆక్సిజన్‌లో ఆర్గాన్ కలిపి ఊదితే, పుట్టే కార్బన్ మోనాక్సైడ్ పలుచబడి కార్బన్ మాత్రం ముందు కాలుతుంది, క్రోమియం నిలుస్తుంది. దీన్ని ఏఓడీ (ఆర్గాన్ ఆక్సిజన్ డీకార్బరైజేషన్) అంటారు. ఆలోచన 1954 నాటిది, 1968లో అమెరికాలో మొదటి యూనిట్ నడిచింది. స్టెయిన్‌లెస్ స్టీల్ ఇంత విరివిగా దొరకడానికి అది పెద్ద కారణం. క్రోమియం తీసే ఖనిజం క్రోమైట్, మన దేశంలో అందులో చాలా భాగం ఒడిశాలో సుకింద లోయలోనే ఉంది. మా ఇంటి స్టీలు గ్లాసు చూసినప్పుడల్లా మా ఫర్నేస్ గుర్తొస్తుంది.

సిరొంచ_ఐటీఐ
నేను ఐటీఐ వెల్డర్ ట్రేడ్ చదువుతున్నాను, సిరొంచ నుంచి. పుస్తకంలో జడవాయువు, విషం కాదు, దేనితోనూ కలవదు అని ఉంది. అంటే పీల్చినా పర్వాలేదు కదా?

బల్లార్షా_రిగ్గర్
తమ్ముడూ, ఈ మాట ఎక్కడా అనకు. నేను కళ్లారా చూసింది చెప్తాను.

చంద్రపూర్ వైపు ఒక షట్‌డౌన్ పని. ఎస్‌ఎస్ ట్యాంకు, పైన మ్యాన్‌హోల్. లోపలి అతుకుల కోసం రాత్రి పర్జింగ్ (లోపలి గాలి పోయేలా ఆర్గాన్ నింపడం) పెట్టారు, షిఫ్టు మారేటప్పుడు ఆర్గాన్ వాల్వ్ కట్టడం మర్చిపోయారు. ఉదయం హెల్పర్ కుర్రాడు గ్రైండర్ తీసుకురావడానికి నిచ్చెన దిగాడు. కింద కాళ్లు పెట్టాడు, రెండు మాటలు మాట్లాడాడు, మూడో మాట లేదు. అలా గోడకి ఆనుకుని జారిపోయాడు. దగ్గు లేదు, కేక లేదు. అతని చేతిలో టార్చ్‌లైటు వెలుగుతూనే ఉంది.

అతని అన్న అక్కడే ఉన్నాడు, వెంటనే దిగబోయాడు. మా మేస్త్రి వెనక నుంచి పట్టుకుని కింద పడేశాడు. అందరూ మేస్త్రిని తిట్టారు. ఆయన ఫైర్ వాళ్ల గాలి మాస్క్ తెప్పించి, తాడు కట్టి ఒకరినే దింపాడు. కుర్రాడు బతికాడు. ఆ రోజు అన్న దిగి ఉంటే రెండు శవాలు లేచేవి.

ఆర్గాన్ గాలి కన్నా 1.4 రెట్లు బరువు. నీళ్లలా అడుక్కి చేరి నిలుస్తుంది. వాసన లేదు, రంగు లేదు.

బరంపురం_రమ
చదువుతుంటే ఒళ్లు జలదరించింది. ఎందుకు కేక రాదో నేను చెప్తాను. ఊపిరాడటం లేదనే యాతన ఆక్సిజన్ తగ్గితే రాదు, ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటే వస్తుంది. ఆర్గాన్ పీల్చేటప్పుడు కార్బన్ డయాక్సైడ్ మామూలుగానే బయటికి పోతుంటుంది, కాబట్టి ఒళ్లు ఏ హెచ్చరికా ఇవ్వదు. మామూలు గాలిలో ఆక్సిజన్ 20.9 శాతం. 19.5 కన్నా తగ్గితే చాలు, ప్రమాదంగా లెక్క. బాగా తగ్గిన చోట ఒకటి రెండు ఊపిరులకే స్పృహ పోతుంది.

సిరొంచ_ఐటీఐ
చాలా మంచిది అడిగానన్నమాట. మా క్లాసులో అందరికీ చదివి వినిపిస్తాను. ఒకవేళ లోపల గ్యాస్ నిండితే ఆక్సిజన్ సిలిండర్ హోస్ లోపల పెడితే సరిపోతుందా?

బల్లార్షా_రిగ్గర్
అది ఇంకా ఘోరం. ఆక్సిజన్ ఎక్కువైతే బట్టలు, జుట్టు, నూనె మరకలు గ్రైండర్ నిప్పు రవ్వకే అంటుకుంటాయి. మామూలు గాలి బ్లోయర్ పెట్టాలి. ఆర్గాన్ కింద ఉంటుంది కాబట్టి అడుగు నుంచి లాగేసే గొట్టం వేయాలి. ఆక్సిజన్ మీటరు తాడుకి కట్టి అడుగు దాకా దించి చూశాకే మనిషి దిగాలి.

కోరాపుట్_గ్యాస్_షాపు
మా షాపులో కూడా సిలిండర్లు గుంటలో, సెల్లార్‌లో పెట్టం. కొనేవాళ్లూ పెట్టకండి. చిన్న గదిలో రాత్రంతా వాల్వ్ కారినా ప్రమాదమే. పని అయ్యాక రెగ్యులేటర్ దగ్గర కాదు, సిలిండర్ మీద వాల్వే కట్టేయండి.

రాయగడ_ఫ్యాబ్రికేషన్
రెండు రోజులు పని ఆపి మీరు చెప్పినవన్నీ చేశాను. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ముందు టార్చ్ విప్పాను. వెనక మూతలో ఓ-రింగ్ ఉండాల్సిన చోట గట్టిపడిన నల్ల ముక్క, గోరుతో నొక్కితే రెండుగా విరిగింది. హోస్ మెషీన్ దగ్గర వంగే చోట చిన్న చిన్న పగుళ్లు. సబ్బు నురగ రాస్తే అక్కడ బుడగలు. పార్వతీపురం నుంచి వచ్చే ఒకాయన చేత పాలీయురేథేన్ హోస్, ఓ-రింగులు తెప్పించాను. ఫ్లో 9.

రెండో సిలిండర్‌తో చుక్క పరీక్ష చేశాను. కొత్త గిన్నె అడుగులా మెరిసింది. ఇంటావిడని పిలిచి చూపించాను.

మొదటి సిలిండర్‌కి మార్చాను. అదే హోస్, అదే ఓ-రింగ్, అదే 9. మసక, మధ్యలో నల్ల మచ్చ. టంగ్‌స్టన్ మళ్లీ నల్లబడింది. మూడుసార్లు చేశాను, మూడుసార్లూ అంతే.

గుణుపురం_గ్రిల్స్
చెప్పానా! కల్తీ.

సునాబెడ_రిటైర్డ్
ఇప్పుడు నేనూ ఒప్పుకుంటాను, ఆ సిలిండర్లో ఏదో ఉంది. టంగ్‌స్టన్ నల్లబడిందంటే ఆక్సిజన్ తగులుతోంది. భుజం మీద ముద్రలు గీకారా?

జయపురం_బావ
రెండు సిలిండర్లూ కాటా మీద పెట్టి బరువు చూస్తే తేలదా? వేరే గ్యాస్ అయితే తేడా వస్తుంది.

పర్లా_మాస్టారు
అన్నిసార్లూ తేలదు బావగారూ. 7 క్యూబిక్ మీటర్ల ఆర్గాన్ పదకొండు, పన్నెండు కేజీలు తూగుతుంది. నైట్రోజన్ అయితే ఎనిమిది, కాబట్టి తెలుస్తుంది. కానీ ఆర్గాన్ అణుభారం 40, కార్బన్ డయాక్సైడ్ 44. అందులో ఐదో వంతు కార్బన్ డయాక్సైడ్ ఉన్నా పావు కేజీకి మించి తేడా రాదు. ఖాళీ సిలిండర్ల బరువులే ఒకదానికొకటి అంతకన్నా ఎక్కువ తేడా ఉంటాయి. రేలీ తక్కెడ మనకి లేదు.

రాయగడ_ఫ్యాబ్రికేషన్
తీగ బ్రష్‌తో గీకాను. రెండిటికీ హైడ్రో టెస్ట్ (నీటి ఒత్తిడితో సిలిండర్ బలం చూసే పరీక్ష) తేదీ ఉంది, ఐదేళ్లు దాటలేదు. మొదటిదాని మెడ దగ్గర చిరిగిన కాగితం స్టిక్కర్ అంటుకుని ఉంది. "ఆర్" అనే అక్షరాలు, కింద చివర్న "20" మాత్రం మిగిలాయి. మిగతాది తడికి ఊడిపోయింది. దీనికి ఏమైనా అర్థం ఉందా?

కోరాపుట్_గ్యాస్_షాపు
ఉంది. అది మిగ్ వాళ్లు వాడే మిక్సర్ సిలిండర్ అయి ఉంటుంది. ఆర్గాన్ 80, కార్బన్ డయాక్సైడ్ 20. ఎంఎస్‌కి మిగ్‌లో బ్రహ్మాండంగా ఉంటుంది, రవ్వలు తక్కువ చిమ్ముతాయి. టిగ్‌కి పనికిరాదు. ఆర్క్ వేడికి కార్బన్ డయాక్సైడ్ విడిపోయి ఆక్సిజన్ వదులుతుంది, అది టంగ్‌స్టన్‌ని తినేస్తుంది. బండి మీంచి దింపేటప్పుడు నీలం రంగు చూసి కుర్రాళ్లు మార్చి ఉంటారు. నేను గ్యాస్‌లో ఏం కలుపుతామని గట్టిగా అన్నాను, క్షమించండి. కల్తీ కాకపోయినా తప్పు మా వైపు వాళ్లదే. మీ డీలర్‌కి స్టిక్కర్ ఫొటో, రెండు చుక్కల ఫొటో కలిపి చూపించండి. ఆయన కాదనలేడు.

గుణుపురం_గ్రిల్స్
మీరు క్షమాపణ అడగడం ఏమిటి సార్. నేనూ చూడకుండానే కల్తీ అనేశాను.

రాయగడ_ఫ్యాబ్రికేషన్
డీలర్ ఇవాళ తనే షాపుకి వచ్చాడు. రెండు చుక్కలున్న ఎస్‌ఎస్ ముక్క చేతిలో పెట్టాను. చాలాసేపు తిప్పి తిప్పి చూశాడు. స్టిక్కర్ చూశాక ఫోన్ చేసి మిక్సర్ సిలిండర్ ఎవరికి తక్కువ వచ్చిందో కనుక్కున్నాడు. బిస్సంకటక్ వైపు గేట్ల షాపుకి మామూలు ఆర్గాన్ వెళ్లిందట, వాళ్లు మిగ్ ఆర్క్ నిలబడటం లేదని గోల పెడుతున్నారట. సాయంత్రానికి నాకు కొత్త సిలిండర్ వచ్చింది. "నీ చేతిలో లోపం అన్నాను, ఏమనుకోకు" అన్నాడు. నాకు అది చాలు. ఓ-రింగ్, హోస్, 22 ఫ్లో మాత్రం నా తప్పులే, ఆయనతో అదే చెప్పాను.

ఇప్పుడు ట్యాంకు సంగతి. నల్లబడిన పాత అతుకులు పికిలింగ్ పేస్టుతో (మరక తీసే ఆమ్లపు ముద్ద) తోమితే సరిపోతుందా?

సునాబెడ_రిటైర్డ్
పాల ట్యాంకుకి సరిపోదు. రంగు పోతుంది గానీ బొక్కలు అలాగే ఉంటాయి. సూది బొక్కలో పాలు చేరితే ఎంత కడిగినా పోవు, అక్కడే పులుస్తాయి. బొక్కలున్న అతుకు పూర్తిగా గ్రైండ్ చేసి తీసేసి కొత్తగా వేయండి. లోపలి వైపు ఆర్గాన్ పర్జింగ్ తప్పనిసరి, లేకపోతే లోపల పంచదార పాకం గడ్డకట్టినట్టు గరుకుగా వస్తుంది. ఆర్గాన్ బరువు కాబట్టి కింద నుంచి ఎక్కించి, పైన గాలి పోయే దారి ఉంచండి. మొత్తం ట్యాంకు నింపక్కర్లేదు, అతుకు వెనక రేకు తొడుగు పెట్టి అంతవరకే నింపితే గ్యాస్ మిగులుతుంది. పేస్టు చివర్న వాడండి. అందులో హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం ఉంటుంది, చేతులకి ఆమ్లానికి తట్టుకునే గ్లోవ్స్, కళ్లకి అద్దాలు లేకుండా ముట్టుకోవద్దు. తర్వాత నీళ్లతో బాగా కడగాలి.

రాయగడ_ఫ్యాబ్రికేషన్
అలాగే సార్. రేపు లోపలి అతుకులు మొదలుపెడతాను.

బల్లార్షా_రిగ్గర్
అన్నా, 500 లీటర్లదే కదా అనుకోవద్దు. మ్యాన్‌హోల్‌లోంచి తల పెట్టి చూడటానికి వంగినా చాలు. ముందు సిలిండర్ వాల్వ్ కట్టు, తర్వాత బ్లోయర్ వేసి అడుగు గాలి లాగించు. బయట ఒక మనిషిని నిలబెట్టు, ఫోన్ చూసుకునే కుర్రాడిని కాదు.

రాయగడ_ఫ్యాబ్రికేషన్
మొదటి లోపలి అతుకు అయింది, లేత గడ్డి రంగు వచ్చింది. వాల్వ్ కట్టి, బ్లోయర్ గొట్టం డ్రెయిన్ బొక్కకి తగిలించి నడిపాను. మీటరు లేదు కాబట్టి తల లోపల పెట్టలేదు, మొబైల్‌ని కర్రకి కట్టి దించి ఫొటో తీశాను. మా తమ్ముడు నా పక్కనే నిలబడ్డాడు.